అక్క ఒడిలో సీసం

పొద్దున్నే డ్రమ్ములు వెలిగించడం చెల్లెలి పని. మొత్తం ఐదు డ్రమ్ములు. ఒక్కోదాన్ని గింజలు ఒలిచేసిన మొక్కజొన్న బెండ్లతో నింపి, పైన నిప్పు పెట్టి, పొగ రంగు చూస్తూ కూర్చోవాలి. మొదట తెల్లపొగ వస్తుంది, అదంతా బెండ్లలో ఉన్న తడి. తర్వాత పసుపుపొగ, కళ్ళు మండిపోతాయి. ఆ తర్వాత సన్నగా నీలం. ఆ నీలం కూడా పోయి, డ్రమ్ము మీద గాలి ఒట్టినే వణుకుతున్నట్టు కనపడగానే మూత బిగించి అంచుల చుట్టూ తడిమట్టి మెత్తాలి. ఒక్క నిమిషం ముందు మూస్తే సగం పచ్చి. ఒక్క నిమిషం ఆలస్యమైతే బూడిద. ఆ నిమిషాన్ని పట్టుకోవడం నలభై ఏళ్ళుగా అక్క పని.

"ఇప్పుడు మూసెయ్," అంటుంది అక్క, రాతిబల్ల మీద కూర్చున్నచోటు నుంచి కదలకుండా.

చెల్లెలు మూసేస్తుంది. ఇద్దరి మధ్యా పొద్దున పూట జరిగే మాటలు అవే. అక్కకి అరవై రెండు, చెల్లెలికి యాభై ఆరు. ఒకే ఇంట్లో ఇన్నేళ్ళు ఉన్నాక కొత్తగా చెప్పుకోవడానికి ఏముంటుంది?

ఈ బొగ్గు బట్టీ వెనక వీధి, వీధి వెనక ఎత్తైన గోడ, గోడకి అవతల మూతపడ్డ ఫ్యాక్టరీ. పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించేవాళ్ళు అక్కడ. పదకొండేళ్ళ కింద తాళం వేసుకుని వెళ్ళిపోయారు. యంత్రాలు తీసుకెళ్ళారు, కిటికీలు పీక్కెళ్ళారు, కాపలా కుక్కని కూడా వ్యానెక్కించుకుని వెళ్ళారు. సీసాన్ని మాత్రం వదిలేశారు. అది నలభై రెండు ఇళ్ళ పెరళ్ళలో, జానెడు లోతు మట్టిలో, హాయిగా ఉండిపోయింది. ఆ మట్టిలో టమాటాలు బాగానే కాసేవి. పాకే పిల్లలు ఆ చేతులే నోట్లో పెట్టుకునేవాళ్ళు. రెండేళ్ళు వచ్చేసరికి కడుపునొప్పి, మూడేళ్ళకి తిండి సహించకపోవడం, ఐదేళ్ళకి బళ్ళో పంతులమ్మ పిలిచి, "మీవాడు చెప్పింది చెప్పినట్టే మర్చిపోతున్నాడమ్మా," అనడం.

అక్క ఒళ్ళు బొగ్గయి తొమ్మిదేళ్ళు. ఒక చలికాలం చెమట పట్టడం మానేసింది. తర్వాత ఓ రోజు మోకాలి మీద గరిటె జారిపడితే టంగుమని మోగింది. డాక్టరు రక్తపోటు చూసి బాగుందన్నాడు, బరువు మరీ తగ్గావమ్మా, నాలుగు ముద్దలు ఎక్కువ తిను అన్నాడు. నిజమే, అప్పట్లో చాలా తేలిక. స్నానాల తొట్లో కూర్చోబెడితే తేలిపోయేది. చెల్లెలు భుజాలు నొక్కి పట్టుకుని వీపు రుద్దేది. "కదలకే, సబ్బు కంట్లో పడుతుంది," అని కసిరేది.

వీధి చివర బట్టలు కుట్టే ఆవిడ ఉంది. ఆమె పెద్దపిల్ల ఓ రోజు కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతూ బట్టీ దగ్గరికి వచ్చి, ఎవరి ఒళ్ళో దొరికితే వాళ్ళ ఒళ్ళో పడుకున్నట్టు అక్క ఒళ్ళో పడుకుంది. గంటసేపు నిద్రపోయి లేచి, ఆకలేస్తోంది అంది. ఆ ముక్క ఆ పిల్ల నోట విని నాలుగు నెలలు. కుట్టుపనావిడ మర్నాడు చిన్నదాన్ని కూడా తీసుకొచ్చింది. వారం తిరిగేసరికి వీధిలో సగం మంది పిల్లలకి అక్క పెద్దమ్మ అయిపోయింది.

"గంట చాలా పెద్దమ్మా, ఇంకాసేపు ఉంచమంటావా?"

"చాలు. మళ్ళీ పదిహేను రోజులకి తీసుకురా."

పిల్లలు తేలికై లేచేవాళ్ళు, అక్క బరువెక్కేది. మొదట మంచం విరిగింది. తర్వాత బెంచీ. చివరికి నలుగురు కలిసి ఫ్యాక్టరీ గోడలోంచి ఊడిపడ్డ రాయి ఒకటి దొర్లించుకొచ్చి డ్రమ్ముల పక్కన వేస్తే దాని మీద కూర్చుంది. నడిస్తే నేల మీద అరచెయ్యంత లోతు అడుగులు పడేవి. వానొస్తే వాటిలో నీళ్ళు నిలిచేవి. దోమలొస్తున్నాయని పక్కింటాయన రెండుసార్లు సణిగాడు, మూడోసారి తన కొడుకుని తీసుకొచ్చి ఒళ్ళో కూర్చోబెట్టి, దోమల సంగతి మర్చిపోయాడు.

*

ఇంజనీరు ఎండాకాలం మొదట్లో వచ్చాడు. మట్టి బాగుచేసే పథకంలో పనిచేస్తాడట. కుర్రాడే, కానీ చెప్పులు విప్పి బొగ్గు కుప్ప మీదికి ఎక్కి చూసే రకం. ఒక ముక్క తీసుకుని గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"గాజులా మోగుతోందమ్మా. ఇంత బాగా కాల్చినది నేను చూళ్ళేదు. దీన్ని బయోచార్ అంటారు."

"మేం బొగ్గంటాం," అంది చెల్లెలు.

"పెరళ్ళలో మట్టి తిరగేసి, ఇరవై గంపల మట్టికి ఒక గంప ఈ బొగ్గు కలిపితే సీసం ఇంక ఎటూ కదలదు. కూరగాయల్లోకి ఎక్కదు, నీళ్ళలోకి దిగదు."

"పోతుందా?"

"పోదు. అక్కడే ఉంటుంది. బొగ్గులో కంటికి కనపడని గదులుంటాయి, వాటిలో పట్టుకుని కూర్చుంటుంది, అంతే."

"మా అక్కలాగా."

"అవును, మీ అక్కలాగా," అన్నాడు ఇంజనీరు, పుస్తకంలో ఏదో రాసుకుంటూ. "మీ బొగ్గే కొంటాం, మీ వీధికే వేస్తాం. కాకపోతే ఆఫీసు జాబితాలో మీ వీధి పేరుండాలి."

"మట్టి తీసుకెళ్ళి చూసుకోండి. ఎవరొద్దన్నారు?"

ఇంజనీరు తల గోక్కున్నాడు. మట్టి రెండేళ్ళ కిందే తీసుకెళ్ళారు. వచ్చిన మనిషికి ఎండ దెబ్బకి వీధిలోకి నడవబుద్ధి కాలేదు, వీధి మొదట్లోనే రోడ్డు కోసం బయటి నుంచి తోలిన మట్టి గుప్పెడు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ మట్టి పరిశుభ్రంగా ఉందని కాగితం వచ్చింది. ఒకసారి బాగున్న మట్టిని మళ్ళీ చూడరు. ఇంక మిగిలింది పిల్లల రక్తం. ఆరేళ్ళ లోపు పిల్లల్లో పదికి ముగ్గురి రక్తంలో సీసం హద్దు దాటితే వీధి పేరు జాబితాలోకి ఎక్కుతుంది.

"నర్సు ఎప్పుడొస్తుంది?"

"నలభై రోజుల్లో."

అక్క ఆ మాట వింది. అప్పుడు ఆమె ఒళ్ళో మూడో ఇంటి పిల్లాడు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. ఇంజనీరు వాణ్ణి చూశాడు, అక్కని చూశాడు, తర్వాత చెప్పులు వేసుకోవడంలో చాలాసేపు తలమునకలయ్యాడు.

"నేనైతే ఏమీ చెప్పలేదమ్మా," అని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం చెల్లెలు వీధిలో ఆడవాళ్ళందర్నీ బట్టీ దగ్గరికి పిలిచింది. చుట్టూ తిప్పి చెప్పడం ఆమెకి చేతకాదు.

"నలభై రోజులు ఒక్క పిల్ల కూడా అక్క ఒళ్ళో ఎక్కడానికి వీల్లేదు. రక్తంలో సీసం ఉంటేనే మట్టి బాగుచేస్తారు. అక్క లాగేస్తుంటే రక్తంలో ఏం కనపడుతుంది?"

"నలభై రోజులా!" అంది మూడో ఇంటావిడ. "పిన్నీ, మావాడికి నొప్పొస్తే ఇల్లు పీకి పందిరేస్తాడు. నువ్వొచ్చి ఎత్తుకుంటావా?"

"ఎత్తుకోను. ఏడవనీ."

"నీ పిల్ల కాదుగా."

"నా మనవరాలు మొన్నే పాకడం మొదలెట్టింది. నా పెరట్లోనే పాకుతోంది, మీ పెరట్లో కాదు. నాకు లేదా బాధ?" అంది చెల్లెలు. కూతురు కుట్టు ఫ్యాక్టరీలో పొద్దుగూకేదాకా పనిచేస్తుంది కాబట్టి ఆ పిల్ల పగలంతా ఇక్కడే. "ఎన్నాళ్ళని పదిహేను రోజులకోసారి మోసుకొస్తారు? అక్కేమైనా నిండని చెరువా? మట్టి బాగుపడితే ఇంక దీని అవసరమే ఉండదు."

కుట్టుపనావిడ వెనక నుంచి అంది: "పిన్ని చెప్పింది నిజమే. ఓర్చుకుందాం. అందరం ఒక్క మాట మీద ఉంటేనే సుమా!"

అందరూ సరే అన్నారు. మూడో ఇంటావిడ కూడా చివరికి సరే అంది, కానీ వెళ్తూ వెళ్తూ పిల్లాణ్ణి ఇంకో పావుగంట పెద్దమ్మ ఒళ్ళో ఉంచి తీసుకెళ్ళింది. రేపటి నుంచి కదా, అంది.

 అక్కని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

*

మొదటి పది రోజులు వీధి దద్దరిల్లింది. ఏ ఇంట్లో చూసినా ఏడుపే. మగవాళ్ళు పనుల నుంచి ఆలస్యంగా రావడం మొదలెట్టారు. తర్వాత తర్వాత గోల తగ్గింది. పిల్లలు అలవాటు పడ్డారనుకుంది చెల్లెలు. వారానికి మూడు రోజులు మిల్లుకి వెళ్ళి బెండ్లు బండి మీద వేయించుకుని మధ్యాహ్నానికి వచ్చేది. వచ్చేసరికి అక్క రాతిబల్ల మీద ఎప్పటిలాగే ఉండేది, ఖాళీ ఒడితో, డ్రమ్ముల వైపు చూస్తూ.

ఇరవై రెండో రోజు మనవరాలికి మొదలైంది. పొట్ట బిగదీసుకుని, కాళ్ళు కడుపులోకి ముడుచుకుని, ఏడవడానికి కూడా ఊపిరి చాలక నీలంగా అయిపోయింది. చెల్లెలు భుజాన వేసుకుని పెరడంతా తిరిగింది. గోరువెచ్చని నీళ్ళు పట్టింది. వీపు నిమిరింది. "ఇంకా పద్దెనిమిది రోజులేనే, పద్దెనిమిదే," అని పిల్ల చెవిలో చెప్పింది. పది నెలల పిల్లకి పద్దెనిమిదంటే ఏం తెలుసు?

వీధి వైపు తొంగి చూసింది. ఎవరూ లేరు. ముప్పైమంది పిల్లల్లో ఒక్కతి. ఒక్క పిల్ల వల్ల ఏం తేడా వస్తుంది? తక్కిన వాళ్ళంతా మాట మీదే ఉన్నారు కదా.

గబగబా వెళ్ళి అక్క ఒళ్ళో పడుకోబెట్టింది. అక్క తల ఎత్తి చూడలేదు. తొడలు కాస్త సర్ది చోటు చేసింది. ఆ సర్దుబాటులో ఒడి మీది బట్ట మడత లోంచి ఎర్ర క్లిప్పు ఒకటి జారి కింద పడింది. చిన్నపిల్లల జుట్టుకి పెట్టేది. మనవరాలికి ఇంకా క్లిప్పు నిలిచేంత జుట్టు లేదు.

చెల్లెలు దాన్ని తీసి చూసింది. ఎవరిదని అక్కని అడగలేదు. అడిగితే తన సంగతి కూడా ఒప్పుకోవాల్సొస్తుంది. రాతిబల్ల మీద, అందరికీ కనపడేచోట పెట్టింది. మర్నాడు మిల్లు నుంచి వచ్చేసరికి అది లేదు.

నలభయ్యో రోజు నర్సు వచ్చింది. ముప్పై ఒక్క మంది పిల్లలు, బుగ్గలు నిగనిగలాడుతూ, వరసలో నిలబడి ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటున్నారు. నర్సుకి ముచ్చటేసింది.

"ఎంత ఆరోగ్యంగా ఉన్నారో! ఏం పెడుతున్నారమ్మా వీళ్ళకి?"

 కుట్టుపనావిడ ఆకాశం వైపు చూసింది. మూడో ఇంటావిడ కొడుకు ముక్కు అవసరానికి మించి తుడిచింది.

ఫలితాల కాగితం ఆ తర్వాత పదో రోజున వచ్చింది. ఇంజనీరే తెచ్చి బట్టీ దగ్గర చదివాడు. ముప్పై ఒక్క మందిలో ఒక్కరికి కూడా హద్దు దాటలేదు. ఈ వీధికి ప్రమాదం లేదు. పథకం ఇక్కడ అవసరం లేదు.

 గొడవ అక్కడే మొదలైంది.

"నువ్వే కదే అందరం ఒక్క మాట మీద ఉందామన్నది?"

"నేనొక్కసారే తీసుకెళ్ళాను. నీలాగా వారం వారం కాదు!"

"నేను వారం వారం వెళ్ళడం నువ్వెప్పుడు చూశావు? వరసలో నా వెనక నిలబడితేనేగా చూసేది!"

"మీరందరూ ఆగుతారని నేను..."

"మేమూ అదే అనుకున్నాం."

అందరూ చెల్లెలి వైపు తిరిగారు, తిడుతుందని. ఆమె తిట్టలేదు. అప్పుడు వాళ్ళకి అర్థమైంది. అర్థమయ్యాక గోల ఆగిపోయింది, తిట్టే హక్కున్న మంచిమనిషి ఒక్కరైనా మిగలకపోతే ఆ కోపాన్ని ఎవరి మీద పెట్టాలో తెలియదు.

"నువ్వైనా చెప్పొద్దా అక్కా?" అంది చెల్లెలు చివరికి. "ఇంతమంది వస్తుంటే నోరు విప్పి ఒక్క మాట..."

"ఏమని చెప్పనే? ఒళ్ళో పడేసి పోతారు. ఏడుస్తుంటారు. ఇందులో నేను చేసేదేముంది? దానంతటదే లాక్కుంటుంది."

తర్వాత అక్క ఇంజనీరుని దగ్గరికి పిలిచింది. ఎడమచేతి చిటికెనవేలు కుడిచేత్తో పట్టుకుని టక్కున విరిచింది. రక్తం రాలేదు. విరిగినచోట బెండు లోపల ఉన్నట్టే సన్నటి గదులు, గదిగదిలోనూ బూడిదరంగు మెరుపు.

"దీన్ని పరీక్షకి పంపు నాయనా. వీధిలో సీసం లేదన్నారుగా. మరి ఇదెక్కడిదో చెప్పమను."

ఇంజనీరు వేలుని శుభ్రమైన సంచిలో వేసి మూతి కట్టాడు. సంచి మీద అంటించే చీటీలో నమూనా రకం అన్నచోట నాలుగే మాటలున్నాయి. మట్టి, నీరు, బూడిద, బొగ్గు. కాసేపు ఆలోచించి బొగ్గు దగ్గర గుర్తు పెట్టాడు. ఎక్కడి నుంచి తీశారు అన్నచోట బట్టీ అని రాశాడు. అంతకంటే నిజం ఆ చీటీలో పట్టలేదు.

*

మూడు వారాలకి కాలుష్యం ఆఫీసు వాళ్ళు జీపులో వచ్చారు. ఈ బట్టీ బొగ్గులో సీసం ప్రమాదకరమైన స్థాయిలో ఉందని, అసలు చుట్టుపక్కలంతా పరిశుభ్రంగా ఉంటే బట్టీ ఒక్కటే విషం తయారుచేస్తోందని రుజువైందని చదివి వినిపించారు. ఐదు డ్రమ్ములకీ తీగ చుట్టి ముద్రలు వేశారు. వచ్చిన అధికారి నెమ్మదస్తుడు. అక్క దగ్గరికి వెళ్ళి నమస్కారం పెట్టాడు కూడా.

"అమ్మా, మిమ్మల్ని విషవ్యర్థాల యార్డుకి తరలించాలి. లారీ, క్రేన్ సోమవారం వస్తాయి."

"మనిషిని యార్డులో పెట్టడమేంటి?" అంది చెల్లెలు. "కళ్ళున్నాయా మీకు?"

"ఉన్నాయమ్మా. చూస్తే మనిషే. కాగితం మీద బొగ్గు. నేను కాగితానికి జవాబు చెప్పుకోవాలి."

ఇంజనీరు ఆ సాయంత్రమే పరిగెత్తుకొచ్చాడు. మొహం చెల్లలేదు అతనికి. "తప్పు నాదే పిన్నిగారూ. ఒక దారుంది. ఆ నమూనా పొరపాటున పంపానని నేను రాసిస్తాను, మీరు కింద సంతకం పెట్టండి. ముద్రలు తీసేస్తారు. బట్టీ నడుస్తుంది. పెద్దమ్మ ఇక్కడే ఉంటుంది."

"రాయి," అంది చెల్లెలు. "ఇప్పుడే రాయి."

"ఆగు," అంది అక్క. "ఆ యార్డు కాగితంలో ఏమేం ఉంటాయి?"

ఇంజనీరు తన దగ్గరున్న నకలు తీసి చదివాడు. పదార్థం పేరు. బరువు. పుట్టిన చోటు. పంపినవాళ్ళ సంతకం.

"పుట్టిన చోటంటే?"

"ఆ విషం ఎక్కడ పుట్టిందో ఆ చోటు. దాన్ని రాస్తే ఆ నేలని బాగుచెయ్యాలని రూలు. బట్టీ అని రాసేసి ఊరుకుంటారు."

"బట్టీలో పుట్టలేదుగా. ఇళ్ళలో పుట్టింది. ఇళ్ళ నెంబర్లు రాయి."

"రాయొచ్చు. కానీ ఫలానా రోజున మా ఇంటి నుంచి ఇది వెళ్ళిందని ఆ ఇంటివాళ్ళు సంతకం పెట్టాలి."

"పెడతారు."

"ఎవరూ ఏం పెట్టక్కర్లేదు," అంది చెల్లెలు. "నువ్వెక్కడికీ వెళ్ళడం లేదు. మళ్ళీ పరీక్షకి పెట్టుకుందాం. ఈసారి నేనే తాళం వేసుకుని కూర్చుంటాను. ఒక్క పిల్లని కూడా..."

"నీ మనవరాలినో?"

చెల్లెలు పక్కకి తిరిగి డ్రమ్ముకి చుట్టిన తీగ లాగి చూసింది.

"నాలో చోటు అయిపోయిందే," అంది అక్క, గొంతు పెంచకుండా, మూత బిగించమని చెప్పినంత మామూలుగా. "మూడో ఇంటి పిల్లాడు మొన్న గంటసేపు కూర్చుని ఏడుస్తూనే లేచాడు. నిన్న నీ పిల్ల కూడా అంతే, నువ్వు చూడలేదు. నేనిక్కడ ఉండి చేసేదేం లేదు. ఊరికే దారికి అడ్డం."

ఆమె అలా అన్నాక చెల్లెలు రెండు రోజులు ముద్రలేసిన డ్రమ్ముల చుట్టూ ఊడుస్తూనే ఉంది. మూడో రోజు కాగితం, కలం పట్టుకుని వీధిలోకి వెళ్ళింది. మొదటి గడిలో తన ఇంటి నెంబరే రాసింది. ఇరవై రెండో రోజు, పది నెలల ఆడపిల్ల, ఒక గంట.

కుట్టుపనావిడ వెంటనే పెట్టింది. తొమ్మిదేళ్ళ తేదీలన్నీ ఆమె కొలతల పుస్తకంలో ఉన్నాయి, జాకెట్ల మధ్య. మూడో ఇంటావిడ గుమ్మంలోనే ఆపింది.

"సంతకం పెడితే మా ఇల్లు విషపు ఇల్లని ఊరంతా అనుకోదా పిన్నీ? రేపు అద్దెకి దిగేవాడుంటాడా?"

"ఉండడు."

"ఊరడించడానికైనా ఒక మాట అనవేం నువ్వు!"

"నీ కొడుకు నా అక్క ఒళ్ళో ఎన్నిసార్లు పడుకున్నాడు?"

మూడో ఇంటావిడ తలుపు వేసుకుంది. లోపల పిల్లాడి ఏడుపు వినపడుతోంది. చెల్లెలు పక్కింటికి వెళ్ళింది. దోమల పక్కింటాయన అయితే అసలు తన కొడుకుని ఎప్పుడూ తీసుకురాలేదనేశాడు, మొహంలో మొహం పెట్టి. అలా పిల్లలున్న ఇళ్ళు ముప్పై ఒకటైతే ఇరవై ఆరు ఇళ్ళు సంతకాలు పెట్టాయి. ఐదు పెట్టలేదు.

అధికారి కాగితం రెండుసార్లు తిరగేసి చూశాడు. "బట్టీ అని ఒక్క ముక్క రాస్తే పోయేదమ్మా. ఇప్పుడు ఇరవై ఆరు పెరళ్ళూ మా నెత్తికి చుట్టుకుంటాయి."

"చుట్టుకోనీ," అంది రాతిబల్ల మీద నుంచి అక్క.

సోమవారం క్రేన్ వచ్చింది. నడుము చుట్టూ పట్టీలు వేసి ఎత్తుతుంటే క్రేన్ వెనక చక్రాలు గాల్లోకి లేచాయి, డ్రైవరు బూతు మాట ఒకటి తిట్టి, నాలిక్కరుచుకుని, మళ్ళీ నెమ్మదిగా ఎత్తాడు. అక్క గాల్లో ఒకసారి అటూ ఇటూ తిరిగింది. అంత ఎత్తు నుంచి ఫ్యాక్టరీ గోడ అవతల చూసినట్టుంది.

"ఏముంది అక్కా అక్కడ?"

"ఏం లేదే. గడ్డి కూడా లేదు."

లారీలో కూర్చోబెట్టి పైన నీలం పరదా కట్టేముందు చెల్లెలు ఎక్కి, అక్క వేలు విరిగినచోట గుడ్డపీలిక చుట్టింది. ఎందుకు చుట్టిందో ఆమెకే తెలియదు, కారేదేమీ లేదక్కడ.

"బెండ్లు తడిసిపోతాయి, లోపల పెట్టించు," అంది అక్క.

"ముద్రలు వేశారుగా. ఇంకెందుకు బెండ్లు?"

"అయినా తడవనివ్వకూడదు."

అంతే మాట్లాడుకున్నారు.

*

పని వానలయ్యాక మొదలైంది. రూలు రూలే. కాగితంలో ఉన్న ఇరవై ఆరు పెరళ్ళే తవ్వారు. మధ్యలో ఐదు, పిల్లల్లేని పదకొండు, కంచె దగ్గర గీత గీసినట్టు వదిలేశారు. మూడో ఇంటావిడ ఇంజనీరు కాళ్ళావేళ్ళా పడింది. అతను పైవాళ్ళకి మూడు ఉత్తరాలు రాశాడు. జవాబు రాలేదు. చివరికి ఆమె కొడుకుని పగలంతా కుట్టుపనావిడ పెరట్లో వదలడం మొదలెట్టింది. కుట్టుపనావిడ సణుగుతూనే గేటు తీసేది.

బొగ్గు ఎక్కడో దూరం నుంచి లారీల్లో వచ్చింది. వీధి బట్టీకి వేసిన ముద్రలు అలాగే ఉన్నాయి, విషం తయారుచేసిన చోటని. చెల్లెలు రోజుకూలీకి చేరింది. వచ్చిన బొగ్గు ముక్క ఒకటి తీసి గోటితో కొట్టి చూసింది. మోగలేదు. వేలికి మసి అంటుకుంది.

"తొందరపడి మూసేశారు," అంది పక్కనున్న కూలీతో. "మా అక్కయితే దీన్ని మళ్ళీ డ్రమ్ములో వేయించేది."

అయినా పనిచేస్తుందన్నాడు ఇంజనీరు. ఇరవైకి ఒకటి చాలకపోతే పదికి ఒకటి వేద్దామన్నాడు. బొగ్గు ఎగిరిపోకుండా నీళ్ళు చల్లి, మట్టిలో కలిపి, జానెడు లోతుకి తిరగేస్తూ పోయారు. చెల్లెలి పెరడు తొమ్మిదోది. వేరేవాళ్ళ పెరడు ఎంత జాగ్రత్తగా తిరగేసిందో దీన్నీ అంతే జాగ్రత్తగా తిరగేసింది, ఎక్కువా కాదు, తక్కువా కాదు. ఇరవై ఆరోది అయిపోయిన మర్నాడు రెండు బస్సులు మారి యార్డుకి వెళ్ళింది.

గేటు దగ్గర కాపలామనిషి స్టూలు మీద కూర్చుని రేడియో తిప్పుతున్నాడు. ఆమె చెప్పింది విని రిజిస్టరు తెరిచి వేలు పెట్టి వెతికాడు.

"ఉంది. ఏడో గుంత. లోపలికి పంపకూడదమ్మా. వ్యర్థాలు తెచ్చేవాళ్ళకే అనుమతి, చూసేవాళ్ళకి లేదు."

"చెల్లెల్ని."

"అయ్యుండొచ్చు. ఇందులో బంధువుల గడి లేదు."

ఆమె వాదించలేదు. వాదించడం ఆమెకి బాగా వచ్చు, కానీ గడి లేనిచోట ఎంత వాదించినా ఏం ఉపయోగమో ఈ ఏడాదిలో నేర్చుకుంది. గోడ ఎత్తుగా ఉంది. దాని మీద తీగ. పెరళ్ళ పని అయిపోయిందని అక్కకి చెప్పిపోదామనుకుంది, గోడతో చెప్పడం సిగ్గనిపించి మానేసింది. తిరుగు బస్సు రావడానికి ఇంకా అరగంట ఉంది. కాపలామనిషి జాలిపడి స్టూలు ఇచ్చి తాను గట్టు మీద కూర్చున్నాడు.

"ఆ ఏడో గుంతతో నా ప్రాణానికొచ్చిందమ్మా," అన్నాడు కాసేపయ్యాక, మాటల్లో మాటగా. "యార్డులో ఏదీ మొలవకూడదని రూలు. మొలిస్తే వేళ్ళు కింది ప్లాస్టిక్కుని చీల్చేస్తాయట. తక్కిన గుంతల చుట్టూ ఒక్క పరక ఉండదు, ఏముందక్కడ మొలవడానికి? దాని చుట్టూ మాత్రం గడ్డి. అదీ పచ్చగా, మోకాలెత్తు. రోజురోజుకీ పక్క గుంతల మీదికి పాకుతోంది. వారానికోసారి గడ్డిమందు కొడుతున్నా, లాభం లేదు."

చెల్లెలు అతని వైపు తిరిగింది. చాలా నెలల తర్వాత ఆమె గొంతులోకి పాత కరుకు వచ్చింది.

"వారానికోసారి కొడితే ఎలా సరిపోతుందయ్యా? రోజూ కొట్టినా సరిపోదు, అక్కడున్నది మా అక్క."

బస్సు ముందుగానే వచ్చింది. స్టూలు అతనికి తిరిగిచ్చేసి ఎక్కింది.